నెలాఖరులోగా

మున్సిపల్ ఆఫీసు మేనేజర్ హరినాథ్ కూర్చోమన్నా ఉరుకుందు కూర్చోలేదు.

"సర్వీసులో ఉండంగానే పోతే, ఆ ఉద్యోగం ఇంట్లోవాళ్లకు ఇస్తారంట కదా సార్?"

"ఇస్తాం. ఎవరు పోయినారప్పా?"

"ఎవరూ పోలేదు సార్. రిటైరైనాక పోతే?"

"అప్పుడేం రాదు."

ఉరుకుందు ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగాడు. "ట్యాంకు మీద పని చేస్తా కాలు జారి పడితే?"

హరినాథ్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ మున్సిపాలిటీలో చేరినవాడి సంతోషమూ, పోయినవాడి ఇంటి ఏడుపూ ఆయన బల్ల దగ్గరికే వస్తాయి. ఇలాంటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఉరుకుందు తండ్రి పెద్ద ఈరన్న నీళ్ల ట్యాంకు దగ్గర ఫిట్టరు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. కొడుకు డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్నాడని ఆఫీసంతటికీ తెలుసు.

"ఎందుకడుగుతాండావు?"

"ఊరికే సార్." ఉరుకుందు తల ఎత్తలేదు.

రూల్సు ఎవరడిగినా ఓపికగా విడమరచి చెబుతాడని హరినాథ్‌కు పేరు. ఇవాళ ఆ ఓపిక మీద ఆయనకే అసహ్యం వేసింది. కడుపున పుట్టినవాడే ఇట్లా ఆలోచిస్తే ఇక ఎవరిని నమ్మాలి?

ఉరుకుందు వెళ్లగానే, ఈరన్నను ఆఫీసు డ్యూటీకి మారుస్తూ ఆర్డరు తయారుచేసి కమిషనర్‌తో సంతకం చేయించాడు. అయినా మనసు ఊరుకోలేదు. ఎండలోనే బండి తీసి ట్యాంకు దగ్గరికి వెళ్లాడు.

ఈరన్న నిచ్చెన ఎక్కబోతున్నాడు.

"దిగప్పా. ఇంక నువ్వు పైకెక్కేది లేదు. ఆఫీసులోనే నీ డ్యూటీ."

ఈరన్న ముఖం వాడిపోయింది. "నెలాఖరు దాకా ఈడనే ఉండనీండి సార్. మీకు దండం పెడతా."

"నీకు తెలీదు ఈరన్నా. చెప్పేదానికి నోరు రావడంల్యా." హరినాథ్ గొంతు తగ్గించాడు. "నీ కొడుకుతో శానా జాగ్రత్త. నువ్వు జారి పడి పోతే ఉద్యోగం వస్తాదా అని పొద్దున నన్నే అడిగిపోయినాడు."

ఈరన్న నిచ్చెన వదల్లేదు.

"వానికేం తెలీదు సార్, అడిగి రమ్మని పంపింది నేనే."