ఫోటో బెల్టు

“ఫోటో మంచిగొచ్చింది, ఇగ బెల్టు ఇప్పెయ్!” రోడ్డు మీద నుంచి కేకేశాడు సూపర్‌వైజర్ రాజేందర్.

మూడో అంతస్తు సజ్జ మీద నిలబడి అద్దానికి సబ్బునీళ్లు కొడుతున్న దశరథ్ చేయి అక్కడే ఆగిపోయింది.

“ఇప్పుడేంది సార్? ఇప్పుడే గద పని షురూ చేసిన!”

“బెల్టు పనికి కాదు, ఫోటోకు. ఫోటో గ్రూపుల పెట్టిన, ఎండీ సార్ బొటనేలు బొమ్మ గూడ పెట్టిండు. గా బెల్టు వికారాబాద్ పోవాలె. ఆడ పరమేశ్ ఫోటో దిగాలె. బండికి టైమైతుంది, జల్ది!”

కంపెనీకి తాండూరులో ఒక పని, వికారాబాద్‌లో ఒక పని ఉన్నాయి. పైనుంచి పడకుండా కట్టుకునే సేఫ్టీ బెల్టు మాత్రం ఒక్కటే. ఎక్కడ పని మొదలైనా, బెల్టు పెట్టుకున్న మనిషి ఫోటో గ్రూపులో పడాలని హైదరాబాద్‌లో కూర్చున్న ఎండీగారి ఆజ్ఞ. ఫోటో పడ్డాక ఆ మనిషి ఏమైపోవాలో మాత్రం ఆయన చెప్పలేదు. పాపం, బెల్టుకు తీరికే లేదు. ప్యాసింజర్ బండిలో అటూ ఇటూ తిరగడంతోనే దానికి పొద్దు గడిచిపోతోంది.

దశరథ్ కిందికి చూశాడు. కొత్త షాపింగ్ కాంప్లెక్స్, రేపే ప్రారంభం. కట్టాక అద్దాలకు ఇదే మొదటి కడుగుడు. సిమెంటు చుక్కలు, పెయింటు మరకలు, స్టిక్కర్ల జిగురు, ఆపైన పక్కనున్న బండల పాలిష్ షెడ్డు నుంచి ఎగిరొచ్చి పేరుకున్న తెల్లటి దుమ్ము. బాగా నానబెట్టి బ్లేడుతో మెల్లగా గీకితే తప్ప వదిలే రకం కాదు. కాళ్ల కిందేమో మూరెడు సజ్జ, దాని నిండా నురుగు. నడుముకున్న బెల్టును ఒకసారి తడుముకున్నాడు. దాని తాడు మేడ మీది పిల్లర్‌కు కట్టి ఉంది.

“నేను ఇప్ప సార్. నాకున్నది ఒక్కటే పాణం.”

“కంపెనీకి ఉన్నది గూడ ఒక్కటే బెల్టు! ఇంకోటి ఆర్డర్ పెట్టిన్రు, వస్తది. అందాక జర అడ్జస్ట్ చేసుకో.”

“అయితే అది వచ్చేదాక కింది అద్దాలు కడుగుత.”

“రేపే ఓపెనింగ్ ఉంటే కింది అద్దాలు కడుగుతవా? ఇప్పకపోతే రేపటి సంది పనికే రాకు!”

“ఇప్పితే రేపటిదాక ఉంటనో లేదో సార్!”

టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. రాజేందర్‌కు ఒళ్లు మండింది. చేతిలోని ఫోన్‌ను కాంప్లెక్స్ వాచ్‌మన్ బాలప్పకు ఇచ్చాడు.

“ఎండీ సార్ మళ్ల ఫోటో అడిగితే, పైన ఏం కనవడ్తే గది కొట్టి పంపు. వీని సంగతి నేను చూసొస్త.”

“అట్లనే సారూ,” అన్నాడు బాలప్ప. చెప్పింది చెప్పినట్టు చేయడంలో బాలప్పను మించినవాడు తాండూరులో లేడు.

కాసేపట్లో దశరథ్ పక్కనున్న కిటికీలో రాజేందర్ ముఖం కనిపించింది. బెల్టు హుక్కు కోసం చేయి చాపాడు. అందలేదు. ఒక కాలు బయట పెట్టాడు.

“రావొద్దు సార్! అంతా సబ్బునీళ్లు. గా బూట్లు ఆగయి!”

“నాకే చెప్పేటోనివైనవా? నీకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చిందే నేను!” అంటూ రెండో కాలూ బయట పెట్టాడు.

బూటు సర్రున జారింది. రాజేందర్ కెవ్వుమంటూ దొరికిందల్లా పట్టుకున్నాడు. దొరికింది దశరథ్ నడుము. ఆ ఊపుకు ఇద్దరూ సజ్జ మీద నుంచి జారిపోయారు. తాడు బిర్రున బిగిసింది. బెల్టు దశరథ్ పక్కటెముకల్లోకి దిగిపోయింది కానీ తెగలేదు. ఇద్దరూ గాల్లో వేలాడుతున్నారు.

కింద కేకలు మొదలయ్యాయి. పాలిష్ షెడ్డు కూలీలు మెట్ల వైపు పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది.

“సార్,” రొప్పుతూ అన్నాడు దశరథ్. “మీ బండొచ్చింది. బెల్టు ఇప్పమంటరా?”

“ఇప్పకు నాయనా! నీ కాల్మొక్త, ఇప్పకు!” రాజేందర్ ఏడుపొక్కటే తక్కువ. “నా పిల్లల మీద ఒట్టు. కిందికి పోంగనే ఎండీ సార్‌కు ఫోన్ చేస్త. మనిషికొక బెల్టు తెప్పిస్త. నీకొకటి, పరమేశ్‌కొకటి, నాకు గూడ ఒకటి!”

అంత నొప్పిలోనూ దశరథ్‌కు సంతోషం పొంగుకొచ్చింది. వేలాడదీస్తే తప్ప కాలేదు కానీ, మొత్తానికి ఒక సూపర్‌వైజర్‌కు జ్ఞానోదయం అయింది.

కూలీలు కొందరు మేడ మీద నుంచి తాడు లాగారు, కొందరు కిటికీలోంచి చేతులందించారు. ఇద్దరూ ప్రాణాలతో రోడ్డు మీదికి వచ్చారు. టీ కొట్టతను నీళ్లిస్తే రాజేందర్ ఒక్క గుక్కలో తాగేశాడు. కిందికొచ్చినా మాట తప్పలేదు.

“బాలప్పా, ఫోన్ తే! ఇప్పుడే ఎండీ సార్‌తోని మాట్లాడ్త.”

“మీకెందుకు సారూ తక్లీఫ్? మీరు పైన ఉన్నప్పుడే ఎండీ సార్ ఫోటో అడిగిండు. మీరు చెప్పినట్టే, పైన కనవడ్డది కొట్టి పంపిన. అగో, జవాబు గూడ ఇచ్చిండు,” అంటూ బాలప్ప గర్వంగా వాయిస్ మెసేజ్ నొక్కాడు.

బెల్టు మీద చేయి వేసుకుని దశరథ్ ఆశగా చెవి ఒగ్గాడు.

“శభాష్ రాజేందర్! ఒక్క బెల్టు ఇద్దర్ని మోస్తదని ఇన్ని రోజులు చెప్పవేంది? ఆ రెండోదాని ఆర్డర్ క్యాన్సిల్ చేసిన.”