కాలేజీ పంపిన పిల్ల

తోటకూర కట్ట బేరమాడినోడే గొలుసు లాగాడు.

గొలుసు తెగేదాకా బండి మీంచి పట్టు వదల్లేదు. జోగమ్మని రోడ్డు మీద ఈడ్చుకుపోయాడు. కుడిచెయ్యి విరిగింది.

ఆకుకూరల గంప ఎత్తుకునే చెయ్యి అది. ఇంక బరువు మొయ్యదన్నారు డాక్టర్లు.

స్టేషన్‌కి వెళ్తే రేపు రమ్మన్నారు. రేపు వెళ్తే ఎస్సై గారు బందోబస్తుకి వెళ్ళారన్నారు. ముసలిదాని గోడు ఎవడికి పట్టింది?

అప్పుడొచ్చింది ఆ పిల్ల. పేరు ఆశాజ్యోతి. ఎమ్మెస్‌డబ్ల్యూ అనే సమాజసేవ కోర్సు చదువుతోంది. దొంగల చేతుల్లో, మోసగాళ్ళ చేతుల్లో దెబ్బతిన్న పెద్దవాళ్ళకి తోడుగా తిరగమని కాలేజీవాళ్ళు ఇంటర్న్‌షిప్ వేసి పంపారు.

"మార్కుల కోసం వొచ్చిందిలే," అన్నాడు జోగమ్మ కొడుకు పోలిరాజు. పోర్టులో సరుకులు మోసే కలాసీ. స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక అతనికి లేదు.

ఆ పిల్లకి ఉంది. జోగమ్మని ఆటో ఎక్కించి తీసుకెళ్ళేది. కానిస్టేబుల్ గవర్రాజు ఎంత విసుక్కున్నా బెంచీ మీంచి లేచేది కాదు. రాజీ గీజీ అంటే ఊరుకోనని జోగమ్మకి ముందే చెప్పేసింది. పోరు పెట్టి పెట్టి, ఆఖరికి ఆ వీధి కెమెరాలోని వీడియో బయటికి తీయించింది.

వీడియోలో బండి ఉంది, నంబరు కనబడదు. నడిపేవాడి వీపు ఉంది, మొహం కనబడదు. మొహం చూసింది జోగమ్మ ఒక్కత్తే.

"ఈపు సూసి ఎవుల్ని పట్టుకుంటామమ్మా?" అన్నాడు గవర్రాజు.

మర్నాటికల్లా దొంగ దొరికాడు. గోపాలపట్నం కుర్రాడు, పేరు చందు.

వార్డు పెద్దమనిషి భీమశంకరరావు తను ఫోన్ కొడితేనే పని జరిగిందని టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పుకున్నాడు. సాయంత్రానికి అదే నోటితో రాజీ మాట తెచ్చాడు. కుర్రాడి తల్లి కాళ్ళ మీద పడుతోందట. జైల్లో వాణ్ణి వేరే కుర్రాళ్ళతో కలిపి వరసలో నిలబెడతారు, ఎవడో పోల్చుకోలేనని చెప్పేసి వచ్చేయమన్నాడు.

పోలిరాజు వెంటనే సరేనన్నాడు.

జోగమ్మకి మనసొప్పలేదు. పోల్చకపోతే వాడు బయటికొచ్చి ఇంకో ముసలిదాని మెడ వెతుక్కుంటాడు. పోలిస్తే పేటలో పెద్దమనిషితో తగువు, ఇంట్లో కొడుకుతో తగువు.

పిల్లనే అడుగుదామనుకుంది.

పిల్ల వచ్చింది గానీ మునుపటి మనిషి కాదు. చేతికట్టు సరిచేసి, గోడకి ఆనుకుని ఊరికే కూర్చుంది.

"ఏటి సెయ్యమంటావే? పోల్చమంటావా, ఒద్దంటావా?"

"నీ ఇష్టం మామ్మా. అది నేను చెప్పకూడదు."

"ఓలమ్మా, మొన్నటిదాకా నన్ను స్టేషన్ మెట్లెక్కించి దించీసి, ఇప్పుడు నా ఇష్టమంటావేటి?"

"నీ కళ్ళు ఏం చూస్తే అదే చెప్పు. అంతకు మించి నన్నడక్కు."

జోగమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే పోలిరాజు బస్టాపులో చూశాడు. పెద్దమనిషి ఇంటి చుట్టూ తిరిగే చందు తల్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. పిల్ల తల దించుకుని నిలబడింది.

రాజీ ఎలా నడుస్తుందో పేటలో అందరికీ తెలుసు. ముందు పెద్దమనిషిని పట్టుకుంటారు. తర్వాత సాక్షి పక్కనున్న వాళ్ళని పట్టుకుంటారు. ఇంక అడగడానికేముంది? ఎవరూ ఏమీ అడగలేదు.

"ఎంతకి అమ్ముడుపోయావే గుంటా?" అని గుమ్మంలోనే నిలదీసింది జోగమ్మ.

పిల్ల విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయింది.

పోలిరాజు కాలేజీకి వెళ్ళి గొడవ చేశాడు. స్టేషన్‌కి వెళ్ళడానికి లేని సెలవు దీనికి దొరికింది. వాళ్ళు పిల్లని పిలిచి అడిగితే ఆమె కాదనీ అనలేదు, అవుననీ అనలేదట. ఇంటర్న్‌షిప్ రద్దు చేశారు. ఏడాది చదువు గంగలో కలిసింది.

శాస్తి జరిగిందనుకుంది జోగమ్మ.

ఆ కోపంతోనే జైలుకి బయల్దేరింది. కొడుకు అడ్డం పడితే, అందరూ అమ్ముడుపోండి, నాను పోనని విదిలించుకుంది. మేజిస్ట్రేటు ముందు వరసగా నిలబడ్డ కుర్రాళ్ళని చూసుకుంటూ నడిచి, చందు దగ్గర ఆగి, ఎడమచెయ్యి వాడి భుజం మీద వేసింది.

"ఈడే."

బయట గవర్రాజు మంచినీళ్ళ సీసా అందించాడు.

"గట్టిదానివి మామ్మా. ఆ పిల్ల రాలేదేటి?"

"దాని పేరు నాకాడ ఎత్తకు. దొంగోడి తల్లికి అమ్ముడుపోయింది. కాలేజీలో సెప్పి మానిపించీసినాం."

గవర్రాజు మొహం మాడిపోయింది.

"ఎంత పని సేసేరు. నిన్నట్నుంచి ఫోన్ చేత్తన్నాను, ఎత్తట్లేదు. ఊరొదిలి ఎల్పోయిందని ఎవులో అంటే నమ్మలేదు."

"పోతే పోనీ."

"ఆ వీడియోలో ఈపు సూసి పోల్చింది ఆ పిల్లే మామ్మా. మమ్మల్ని గోపాలపట్నం తీసుకెళ్ళి తలుపు కొట్టింది కూడా ఆ పిల్లే. ఎవులికీ సెప్పొద్దంది."

"దొంగోడి ఇల్లు దానికెలా తెలుసు?"

గవర్రాజు గొంతు తగ్గించి చెప్పాడు, "ఆడు తన సొంత అన్న."