అరవై గంటల మెలకువ

శుక్రవారం మధ్యాహ్నం సలోమి కళ్లు తెరిచేసరికి, బడి నుంచి వచ్చిన కూతురు హన్నా ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంది. ముందుపన్ను లేదు.

"ఎప్పుడు ఊడిందే?"

"మంగళవారం. నీకు చూపించా కదమ్మా. ఊఁ అన్నావు."

సలోమికి గుర్తులేదు. కాకినాడలో ఏళ్ల తరబడి మంచం పట్టిన వాళ్లను చూసుకునే ఆస్పత్రిలో ఆమె వారాంతపు నర్సు. ఇప్పుడు వారాంతపు నర్సులందరిదీ ఒకటే పద్ధతి. శుక్రవారం సాయంత్రం జబ్బకు మెలకువ పట్టీ అంటించుకుంటే సోమవారం ఉదయం దాకా రెప్ప వాలదు. పట్టీ తీశాక ఆ నిద్రంతా ఒళ్లు లాక్కుంటుంది. మిగతా నాలుగు రోజులూ పేరుకే సెలవు.

ఆ సాయంత్రం హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి, "నన్ను మామూలు డ్యూటీకి మార్చండి మేడమ్," అంది.

"మారుస్తానమ్మా. కానీ శని, ఆదివారాలకి మనిషి దొరకదు. వార్డు మెషీన్లకి వదిలేస్తాం. సుభద్రమ్మగారికి తిండికి ముక్కులో గొట్టం వేసేస్తారు, ఇక తియ్యరు. ఆవిడికి నువ్వే చెప్పు."

మంచం పట్టిన సుభద్రమ్మ, ఎవరైనా తన గొంతు నిమురుతూ పెడితేనే మింగగలదు. చెప్పేద్దామని సలోమి ఆమె మంచం పక్కకి వెళ్లి, జావగిన్నె చేతిలోకి తీసుకుంది.

"వచ్చావా తల్లీ? మీ పాప బాగుందా?"

"బాగుందనే అనుకుంటున్నానండీ," అంది సలోమి.

ఆమెకు జావ తాగించి, వెళ్లి వారాంతపు డ్యూటీకే ఇంకో ఏడాదికి సంతకం పెట్టింది. బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ముఖం కడుక్కుని, పట్టీ అంటించుకుంది.