తువ్వాలు ఏనుగు

సముద్రం కనిపించే గది ఒకటి ఖాళీ అయింది, ఊరికే మారుస్తాం, వెళతారా అని ఓడ కౌంటర్లో అమ్మాయి అడిగితే అతను వద్దన్నాడు.

"కిటికీ కూడా ఉంటుందండీ," అంది ఆ అమ్మాయి, సరిగ్గా వినపడలేదేమోనని.

"మాకు ఈ గదే బాగుంది."

ఆ గదిలో బాగుండటానికి ఏమీ లేదు. ఓడ అడుగు అంతస్తులో, ఇంజను మోత వినపడే మూల. కిటికీ ఉండాల్సిన చోట గోడకి కెరటాల బొమ్మ అంటించారు. మంచాల మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. తెల్లారిందో లేదో గడియారం చెప్పాల్సిందే.

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏళ్ళ తరబడి జనాన్ని పైకీ కిందికీ చేర్చి, తను మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. నడుము పట్టేసింది. దానికి తోడు ఇద్దరు పిల్లలు. పెద్దాడికి ఓడ ఊగితే వాంతులు. చిన్నది ఏది పెట్టినా తినదు, జడ వేస్తుంటే కుదురుగా కూర్చోదు, నాన్న మీద కాలు వేస్తేగాని నిద్రపోదు. విహారయాత్ర అన్న మాట కనిపెట్టినవాడికి పిల్లలు లేరని అతనికి మర్నాటికే తెలిసిపోయింది.

పక్క గదిలో ఒక టీచరమ్మ ఉంది. రిటైరైనా బెత్తం దించని మనిషి. భోజనాల దగ్గర ఆరా తీసింది.

"పిల్లల తల్లి రాలేదా బాబూ?"

"డ్యూటీలో ఉందండీ."

"ఇలాంటప్పుడు కూడానా?"

"సెలవివ్వలేదు."

టీచరమ్మ నమ్మలేదు. చిన్నదాని వంకర పాపిడి వైపు చూసి నాలుక చప్పరించింది. తల్లి పోయిందో, వదిలేసి పోయిందో, రెంటిలో ఒకటని ఖాయం చేసుకుంది.

పొద్దున్నే అందరి పిల్లలూ ఈతకొలను దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఇతని పిల్లలు మాత్రం గదిలోనే. శుభ్రం చేసే ఆవిడ వచ్చి వెళ్ళేదాకా అతను కదలడు, వాళ్ళని కదలనివ్వడు. పైగా ఆవిడ వచ్చే వేళకి దిండ్లు గిరాటేయమనేవాడు. దుప్పట్లు కింద పడేయమనేవాడు. ఇంట్లో చెంచా జారిపడినా గొంతు చించుకునే మనిషి.

ఆవిడ తలుపు బార్లా తెరిచి, దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉన్న తోపుడు బండి అడ్డంపెట్టి పని మొదలుపెట్టేది. అది ఓడలో పద్ధతి. బూడిదరంగు యూనిఫాం, బిగించి కట్టిన ముడి. తల ఎత్తేది కాదు. మిగతా గదులు చిటికెలో ముగించే మనిషి, ఇక్కడ దుప్పటి మీద ముడత ఒక్కటి పట్టుకుని మంచం చుట్టూ తిరిగేది. చివర్లో ఒక తువ్వాలు తీసి, చుట్టి, మడిచి, ఏనుగుని చేసి చిన్నదాని ఒళ్ళో పెట్టేది.

"థాంక్యూ ఆంటీ," అనేది చిన్నది, పాఠం అప్పజెప్పినట్టు.

అతను గోడ మీది కెరటాలు చూస్తూ కూర్చునేవాడు.

తెరిచిన తలుపులోంచి టీచరమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు చిన్నదాని పాపిడి తిన్నగా కనపడేసరికి ఇక పట్టలేకపోయింది. వెళ్ళి పనివాళ్ళ ఇన్‌చార్జి చెవిన వేసింది. తన గది ఆలస్యమవుతోందని మొదలుపెట్టి, ఓడ పనిమనిషి చేత పిల్లకి జడలు వేయించుకుంటున్నాడని, పెళ్ళాం పక్కన లేని మగాడి గదిలో దానికి అంతసేపు ఏం పని అనేదాకా వెళ్ళింది.

ఇన్‌చార్జి వచ్చి అతన్ని గది బయటికి పిలిచాడు. మర్యాదస్తుడే. ఇక్కడ పనిచేసేవాళ్ళకి ప్రయాణికులతో చనువు ఉండకూడదనీ, కొత్త పరిచయమైనా పాతదైనా ఒకటేననీ, ఉందని తేలితే వాళ్ళని పనిలోంచి తీసేసి వచ్చే రేవులోనే దింపేస్తామనీ మెల్లగా చెప్పాడు. ఆవిడ బండి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. పిడి మీద వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఆమె మీకేమైనా పరిచయమా సార్? అడక్క తప్పదు."

గుమ్మంలో నిలబడ్డ చిన్నది నోరు తెరిచింది. పెద్దాడు దాని చెయ్యి నొక్కాడు.

"నా పిల్లలకి తల్లి ఉందండీ," అన్నాడు అతను. "నాకీ పరిచయాలెందుకు? వీళ్ళు గది పాడుచేస్తున్నారు, ఆవిడ సర్దుకుంటోంది. తప్పేదైనా ఉంటే మాది."

ఇన్‌చార్జి గదిలోకి తొంగిచూశాడు. దీపం మీద దిండు వేలాడుతోంది.

"పిల్లల్ని కాస్త అదుపులో పెట్టుకోండి," అని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ మళ్ళీ అతనితో మాట్లాడలేదు. ఆ యాత్ర మొత్తానికి అతనికి దొరికిన విశ్రాంతి అదే.

ఆ తర్వాత పిల్లలు దిండ్లు గిరాటెయ్యలేదు. ఆవిడ కూడా గబగబా ముగించుకుని వెళ్ళిపోయేది. జడ జోలికి పోలేదు. ఏనుగు మాత్రం మానలేదు.

దిగే రోజు పనివాళ్ళంతా ద్వారం దగ్గర బారుగా నిలబడి చేతులు ఊపుతున్నారు. ఆవిడ ఆ చివర ఉంది. వెనకే టీచరమ్మ, కళ్ళు ఇంతలు చేసుకుని. చిన్నదాని చంకలో తువ్వాలు ఏనుగు ఉంది. అది ఓడ సొత్తు. ఇన్‌చార్జి చూశాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

చిన్నది ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చింది. అతను సూట్‌కేసు చెయ్యి మార్చుకున్నాడు.

"వెళ్ళొస్తాం ఆంటీ," అంది ఆవిడ దగ్గర కూడా, అందరికీ చెప్పినట్టే.

ఆవిడ చెయ్యి ఊపింది, అందరికీ ఊపినట్టే.

నేల మీద అడుగుపెట్టినా అతని కాళ్ళ కింద ఇంకా ఊగుతూనే ఉంది. గేటు దాటాక సూట్‌కేసు మీద కూలబడ్డాడు. పెద్దాడు ఓడ వైపు తిరగకుండా నిలబడ్డాడు. చిన్నది ఏనుగుని గుండెకి హత్తుకుని తండ్రి చొక్కా లాగింది.

"ఇంక ఎవరికీ వినపడదు కదా నాన్నా, ఇప్పుడు అమ్మని అమ్మా అని పిలవచ్చా?"