పంటలేని కాపలా

కెమెరా మీటకు వేలు తగిలేలోపే రేకు డబ్బా మోగింది.

మడుగులో గూడకొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి.

పూర్ణచంద్రరావు నొక్కనైతే నొక్కాడు. కానీ ఫొటోలో పడింది కొంగలు కాదు, తుంగలోంచి లేచి నిలబడి డబ్బా వాయిస్తున్న ఓ ముసలాయన.

"నీ డబ్బా మండ!"

అది 1968 డిసెంబరు. తెనాలిలో మొదటి రైలెక్కి రేపల్లెలో దిగి, బస్సులో నగరం అనే ఊరు చేరి, అక్కణ్ణించి బురద గట్ల మీద నడిచొచ్చాడు పూర్ణచంద్రరావు. తెనాలిలో ఫొటో స్టూడియో అతనిది. పెళ్ళిళ్ళూ శవాలూ తీసి తీసి విసుగెత్తింది. వారపత్రికలో ఒక్క పిట్ట ఫొటో పడితే చాలని ఆశ.

"దీనికోసం చర్చి ఎగ్గొట్టాను. మా ఆవిడకేం చెప్పమంటావ్?" అన్నాడు పక్కన బైనాక్యులర్స్ పట్టుకున్న కృపారావు. అతను రేపల్లెలో స్కూలు మాస్టారు.

ముసలాయన దగ్గరికొచ్చాడు.

"పిట్టల్ని తోలాలంటే పంటచేలో తోలుకో. ఈ మడుగులో ఏం పండిందయ్యా?" అరిచాడు పూర్ణచంద్రరావు.

"ఏం పండలేదండి."

"మరి ఎవర్ని తోలుతున్నావ్?"

"మిమ్మల్నేనండి."

కృపారావుకి నవ్వాగలేదు. పూర్ణచంద్రరావుకి ఒళ్ళు మండింది.

"ఫొటో తీసుకోండి బాబూ, వద్దనను. పత్రికలో మా చినమడుగు పేరు మాత్రం వేయించకండి."

"వేయిస్తే?"

"తుపాకులొస్తాయండి."

"సరే, వేయించను."

"ఒట్టేనా?"

"ఒట్టు."

ముసలాయన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద చతికిలబడ్డాడు. ఎండ ముదిరేసరికి కొంగలు ఒక్కొక్కటే తిరిగొచ్చి వాలాయి.

"కాస్త ఇటు జరగండి బాబూ. ఎదురెండకి నల్లగా పడతాయి," గుసగుసగా అన్నాడు.

"ఓయబ్బో, డబ్బా తాత కూడా ఫొటోగ్రాఫరే!" అన్నాడు కృపారావు.

ముసలాయన చూపు కొంగల మీదే ఉంది. పూర్ణచంద్రరావు జరిగాడు. ఈసారి డబ్బా మోగలేదు.

తిరిగి రేపల్లె వెళ్ళే బస్సులో అతని కాళ్ళు నేల మీద లేవు.

"ఇక మా వీరాస్వామిగారి ఫొటో పక్కన నాదీ తగిలిస్తాను."

ఆ వీరాస్వామి ఎవరో అతనికీ తెలీదు. ఎప్పుడో ఓ పత్రికలో గూడకొంగల ఫొటో పడింది. కింద ఆ పేరుంది. అది చూసే పూర్ణచంద్రరావు కెమెరా పట్టాడు. ఆ కాగితానికి అద్దం కట్టించి స్టూడియో గోడకు తగిలించాడు.

"బాపట్ల దగ్గర తుంగకయ్య అనే మడుగులో తీసినట్టు వేశారు. పోయి చూశాను. ఒక్క పిట్టుంటే ఒట్టు."

"ఏ జూలోనో తీసి అక్కడిదని కోసుంటాడు మీ గురువు!"

ఆ మాట పూర్ణచంద్రరావుకి గుచ్చుకుంది.

రేపు తన ఫొటో చూసినా జనం ఇదే అంటారు.

పత్రికకు పంపేటప్పుడు ఫొటో వెనక తన పేరు రాశాడు. కాసేపు ఆగాడు. దాని కింద ఇంకో ముక్క రాశాడు.

'చినమడుగు, నగరం దగ్గర.'

ఫొటో అచ్చయింది. స్టూడియోకి వచ్చినవాళ్ళందరికీ కాఫీలు తెప్పించాడు.

"గూడకొంగ కొవ్వు కీళ్ళనొప్పులకు మహా మంచిదటగా. మా బావమరిది వాళ్ళు తుపాకులేసుకుని జీపులో వెళ్ళొచ్చారు," అన్నాడు కాఫీ తాగుతూ ఒకాయన.

మర్నాడు పొద్దున్నే పూర్ణచంద్రరావు ఒక్కడే రైలెక్కాడు. కెమెరా తీసుకెళ్ళలేదు.

మడుగులో నీళ్ళున్నాయి. నీళ్ళ మీద ఈకలున్నాయి. గట్టు పొడుగునా జీపు చక్రాల గుర్తులు.

ముసలాయన అదే చోట కూర్చుని ఉన్నాడు. పక్కన చొట్టలు పడ్డ డబ్బా.

"తాతా..."

"వాయించానండి. పారిపోతాయని గట్టిగా వాయించాను. లేచినవాటిని లేచినట్టే గాల్లో కొట్టారు."

పూర్ణచంద్రరావు వంగి, కాళ్ళ దగ్గర పడున్న ఓ ఈక తీశాడు.

"ఇక మీరు ఎప్పుడైనా రావచ్చు బాబూ. తోలేవాళ్ళుండరు."

ఆ మాటలో కోపం కూడా లేదు.

వేసవిలో ఓ ముసలమ్మ స్టూడియో మెట్లెక్కింది.

"నా పేరు పున్నమ్మ బాబూ. రేపల్లె మాస్టారు పంపారు. చినమడుగు దగ్గర డబ్బా వాయించేవారే, మా ఆయన... పోయారు. మీరేదో ఫొటో తీశారంటగా?"

"ఇంట్లో ఒక్కటీ లేదా అమ్మా?"

"లేదు బాబూ. కెమెరా అంటేనే పడేది కాదు."

పాడైందని పక్కన పడేసిన ఫిల్ము వెతికి పట్టుకున్నాడు. పెద్దది చేశాడు. ఎత్తిన చేతుల్లో డబ్బా, తెరిచిన నోరు, వెనక ఆకాశం నిండా రెక్కలు.

రెండోసారి వచ్చినప్పుడు పున్నమ్మ ఆ ఫొటోని చీర కొంగుతో తుడిచి, కళ్ళకద్దుకుంది.

"డబ్బులొద్దమ్మా. కింద పేరు రాసిస్తాను. ఆయన పేరేంటి?"

పున్నమ్మ ఇబ్బంది పడింది. మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు ఆ తరంలో లేదు. ఎలా చెప్పాలా అని అటూ ఇటూ చూసింది.

గోడ మీద ఆమె చూపు ఆగిపోయింది.

"అయ్యో, ఇది ఇంకా ఉందా బాబూ! తుంగకయ్య మీద జీపులు పడ్డ నాడే మా ఇంట్లోది ఆయనే పొయ్యిలో పెట్టేశారు."

పున్నమ్మ లేచి వెళ్ళి, అద్దం వెనక గూడకొంగల కింద ఉన్న పేరు మీద వేలు పెట్టింది.