గోడ అవతల

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు బస్ స్టాప్ దగ్గర ఒక విద్యార్థి కుడి చెయ్యి విరిగింది. విరగ్గొట్టినవాళ్లు నలుగురు, ఇవతలి యూనివర్సిటీ వాళ్లు. చెయ్యి అవతలి యూనివర్సిటీ కుర్రాడిది.

రెండు యూనివర్సిటీలకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఎవరి లైబ్రరీ పెద్దది, బస్సు ముందు ఎవరి గేటు దగ్గర ఆగాలి, గోడకు సున్నం ఎవరు వెయ్యాలి, అన్నింటికీ గొడవే. ఈసారి గొడవ ఒక కాలమ్ గురించి.

ఇవతలి విద్యార్థులు ఒక వారపత్రిక నడుపుతారు. అందులో అభిప్రాయాల పేజీ ఉన్నదే గోడ అవతలి వాళ్లను తిట్టిపోయడానికని ఫిర్యాదు వెళ్లింది. పత్రిక బాధ్యత చూసే ప్రొఫెసర్ ఒక నియమం పెట్టాడు. ప్రతి వారం అవతలి వాళ్ల కాలమ్ కూడా ఒకటి పడాలి. పడకపోతే పేజీ ఎత్తేస్తాడు.

ఎడిటర్ ఫైనలియర్ అమ్మాయి. అందరూ ఎడిటరమ్మ అంటారు. ఆమె అవతలికి వెళ్లి అడిగింది. మొదట అందరూ నవ్వారు. రెండో వారం నుంచి కాలమ్ పడింది. పేరు చోట 'అవతలివాడు' అని ఉంది.

ఆ నోటికి అడ్డూ ఆపూ లేదు. 'మీ పట్టాలు మా క్యాంటీన్‌లో ఊగే బల్లల కాళ్ల కింద పెట్టుకుంటాం' అని ఒక వారం. 'మీ గేటు దగ్గర బస్సు ఆగేది ఎక్కేవాళ్ల కోసం కాదు, ఇంజను చల్లారడానికి' అని ఇంకో వారం. అవతలి హాస్టల్‌లో ఆ కాలమ్ పైకి చదువుకుని బల్లలు చరిచేవాళ్లు. ఇవతల పళ్లు నూరేవాళ్లు. పక్కనే ఎడిటర్ కాలమ్ ఉండేది. ఆ రెండూ చదివినవాళ్లకు ఎడిటర్ మాట పెద్దమనిషి మాటలా వినపడేది.

మంగళవారం ఆ నలుగురూ బస్ స్టాప్‌లో అడిగారు. "అవతలివాడు ఎవడ్రా మీలో?"

"నేనే. ఏం?" అన్నాడు ఒక కుర్రాడు.

బుధవారం ఎడిటర్ ఆస్పత్రికి వెళ్లింది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. మంచం పక్కన కుర్రాడి అక్క కూర్చుని ఉంది.

"నువ్వేనా ఆ పేపరమ్మాయివి?"

"అవునండీ."

"ఫోన్లో రెండు ముక్కలు పెట్టరా అంటే బద్ధకం వీడికి. పేపర్లో ఇంతింత రాస్తున్నాడని మేం కలగన్నామా?" అంది. తిడుతోందో మురిసిపోతోందో తెలియలేదు. మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్లింది.

కుర్రాడు ఎడిటర్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, నేను కాదని మీకు తెలుసు కదా."

"తెలుసు."

"రేపు విచారణ కమిటీలో చెప్పకండి."

"ఏడాది చదువు పోతుంది."

"పోతే పోనీండి. రెండేళ్లుగా హాస్టల్‌లో నా పేరు ఎవరికీ తెలీదు. కిటికీ పక్కన మంచం నాదని, 'ఒరే కిటికీ' అనేవాళ్లు. నిన్నటి నుంచి గదులు గదులే వచ్చి చూసిపోతున్నాయి." కట్టు చూపించాడు. దాని మీద సంతకాలు ఉన్నాయి. "అసలు రాసేవాడికి నా మీద కోపం వచ్చిందా?"

"రాలేదు."

"బయటపడి, నేనే అనడు కదా?"

ఎడిటర్ కట్టు మీది సంతకాలు చదివింది. చదివినవేవీ బుర్రకెక్కలేదు.

"అనడు."

"మంచోడక్కా. థాంక్స్ అన్నానని చెప్పండి."

ఆమె తలూపింది.

గురువారం రెండు యూనివర్సిటీల పెద్దలూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. నేనే రాశానని కుర్రాడు ఒప్పుకున్న కాగితం మధ్యలో ఉంది. ఎడిటర్‌ను పిలిచారు.

"ఇతనేనా రాసింది?"

"రాసినవాళ్ల పేరు పత్రిక చెప్పదండీ."

అవతలి డీన్ కళ్లజోడు తీశాడు. "పేరు అక్కర్లేదమ్మా. వీడు కాదు అను చాలు. వాడి ఏడాది నిలబడుతుంది."

ఆమె చేతులు బల్ల మీద ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు చూసింది.

"రాసినవాళ్ల పేరు పత్రిక చెప్పదండీ."

గంటలో నిర్ణయం వచ్చింది. రెచ్చగొట్టినందుకు కుర్రాడికి ఏడాది సస్పెన్షన్. రెచ్చిపోయినందుకు నలుగురికీ మందలింపు.

వరండాలో పత్రిక వాళ్లు చప్పట్లు కొట్టారు. కార్టూన్లు వేసే అమ్మాయి ఆమె భుజం మీద ఒక్కటిచ్చింది. "నువ్వు మనిషివి కాదే ఎడిటరమ్మా, బండరాయివి! అవతలివాళ్లు కూడా నీకు దండం పెడుతున్నారు. రావే, టీ తాగుదాం."

"పేజీ పంపాలి. మీరు వెళ్లండి."

ప్రొఫెసర్ మెట్ల దగ్గర ఆపాడు. "ఇన్నేళ్లలో నీలాంటి ఎడిటర్‌ను చూళ్లేదమ్మా. అది సరే, ఈ వారం అవతలి కాలమ్ సంగతేమిటి? పాపం, వాడి చెయ్యి చూస్తే..."

"వస్తుంది సార్. చెప్పి రాయిస్తానన్నాడు."

"గట్టివాడే."

"అవును సార్."

ఆఫీసులో ఎవరూ లేరు. ఎడిటర్ లోపలి నుంచి గడియ పెట్టింది. పత్రికా స్వేచ్ఛ గురించి తన కాలమ్ ముగించి, కింద తన పేరు టైపు చేసింది.

తర్వాత, ప్రతి వారం లాగే, ఇంకో పేజీ తెరిచి 'అవతలివాడు' కాలమ్ మొదలుపెట్టింది.