ఆకలి లేని తిండి

“మూడు నెలలుగా, వారానికి ఒక్కసారైనా జరుగుతోందా?” డాక్టరమ్మ అడిగింది.

“ప్రతి శనివారమూ మేడమ్,” అంది కృపాకుమారి.

పక్క కుర్చీలో ఉన్న అత్త అక్కమ్మ ఉలిక్కిపడింది. శనివారమని ఈ పిల్ల ఎందుకు చెప్పినట్టు?

తనకల్లు పక్క పల్లె నుంచి కదిరి ఆస్పత్రికి వాళ్లిద్దరినీ పంపింది అక్కమ్మ కొడుకు, కృప మొగుడు ఐజాక్. ఇంట్లో బెల్లం నిలవదు, వేయించిన వేరుశనగ బుడ్డలు నిలవవు, పొద్దున కెలికిన సంగటి మధ్యాహ్నానికి ఉండదు. అందరూ తిన్నాక చివర తినేది కోడలు. అందుకే గిన్నెలో ఏది తరిగినా మాట కోడలి మీదికే వస్తుంది.

“మాయమ్మ శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసే మనిషి. తినేది నువ్వు గాక ఇంకెవురు?” అన్నాడు ఐజాక్. “డాక్టరు జబ్బంటే మందిప్పిస్తా. కాదంటే దొంగతిండే. మీ నాయన ఇంటికి పో.”

జబ్బని తేలాలని అక్కమ్మ దారిపొడవునా ప్రార్థించుకుంది. అయినా ఆమెకు అంతా అయోమయంగానే ఉంది. వానలు లేని ఏళ్లలో తిండి లేక జబ్బుపడినవాళ్లను చూసింది గానీ, తిండే జబ్బవుతుందా?

“ఆకలి లేకపోయినా తింటావా?” డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

“తింటా మేడమ్.”

“గబగబా? కడుపు నొప్పి పుట్టేదాకా?”

“ఆఁ.”

“ఎవరూ లేనప్పుడేనా?”

“తలుపేసుకొని.”

అక్కమ్మకు బుర్ర తిరిగింది. “ఏంది మేడమ్ ఇది! ఈ పిల్ల పిడికెడు తినేదానికే అర్ధగంట చేస్తాది...”

“నువ్వు ఊరుకో అత్తా.” కృప ఆమె చేయి నొక్కింది.

“ఆపాలనుకుంటే ఆపగలవా?”

“ఆపగల్ను...” కృప తడబడింది. “లేదు లేదు మేడమ్, ఆపలేను.”

డాక్టరమ్మ కలం ఆగింది. “ఇది దొంగతనం కాదమ్మా, జబ్బే కావచ్చు. నయమవుతుంది. తిన్నాక ఎట్లా ఉంటుందో చెప్పు.”

కృప అత్త మొహంలోకి చూసింది.

“ఒళ్లంతా సిగ్గు మేడమ్.” మాట అక్కమ్మ నోటి నుంచి జారింది. “ఇంక జన్మలో ముట్టనని శుక్రవారం ప్రార్థనలో దేవుని ముందర ఒట్టు పెట్టుకుంటాం. తెల్లారి శనివారం, ఒట్టు పెట్టుకున్న చేయే మళ్లా డబ్బాలోకి పోతాది.”

కృప ఆ చేయి వదల్లేదు.

డాక్టరమ్మ చీటీ మీది కృప పేరు కొట్టేసి, “మీ పేరేమమ్మా?” అని అక్కమ్మను అడిగింది.